తుప్పు పట్టని మేకులు

"మీ పెద్దమ్మకి ఎప్పటి నుంచి భోజనం తీసుకెళ్తున్నావు?"

"పెద్దనాన్న పోయినప్పటి నుంచి సార్. ఇదే ప్రశ్న ఇన్‌స్పెక్టరు గారు పదిసార్లు అడిగారు."

"ఆయన పదిసార్లు అడిగింది నీ జవాబు నచ్చక. నేను అడుగుతున్నది వినడానికి."

కటకటాల అవతల కూర్చున్న కుర్రాడు మొదటిసారి తలెత్తి చూశాడు. గడ్డం మాసిపోయి ఉంది. ఇనప సామాన్ల కొట్లో పనిచేసే చేతులు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు. ఆ చేతులతోనే పెద్దమ్మ భోజనంలో ఆర్సెనిక్ కలిపి, తీరిగ్గా, కొంచెం కొంచెంగా ఆమె ప్రాణం తీశాడని కేసు. తెల్లారితే కోర్టుకి తీసుకెళ్తారు. ఆ తర్వాత ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా కేసు వెనక్కి రాదు.

కటకటాల ఇవతల స్టూలు మీద కూర్చున్న పెద్దమనిషిని ఊరంతా 'నిదానం గారు' అంటుంది. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు పై అధికారులు విసుక్కుంటూ తగిలించిన పేరు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా పేరు మాత్రం వదల్లేదు. ఈమధ్య నడక కూడా పేరుకి తగ్గట్టే తయారైంది. ఎండకి కాగిన గచ్చు మీద నడుస్తున్నట్టు అరికాళ్ళు ఒకటే మంట. అరిచేతులు గరుకుదేరాయి. వయసు మరి, అనుకుని ఊరుకున్నాడు. అయ్యో ఏమైంది అని అడిగే మనిషి ఇంట్లో ఉంటే కదా, చెప్పుకోవడానికి!

"మధ్యలో ఎప్పుడైనా భోజనం మానేశావా?"

"మానేశాను సార్. పోయినేడు స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. రెండు నెలలు మంచం దిగలేదు."

"మరి అప్పుడు ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. పెద్దమ్మే వండుకుంది. ఇంకొకళ్ళ చేత పంపిస్తానంటే వింటుందా? లెక్కల టీచరు కదా, ఎవరికి ఎంత శ్రమో కూడికలు తీసివేతలు చేసి మరీ వద్దనేది." చువ్వలు పట్టుకుని ముందుకి జరిగాడు. "ఇల్లు నాకు రాసిందన్న మాట నిజమే సార్. నాకా ఇల్లొద్దు, ఎవరికైనా ఇచ్చెయ్యండి. కానీ నిన్న మా అమ్మ వచ్చి, అక్కడ నిలబడి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. అది నా వల్ల కావట్లేదు."

ఆ తల్లే నిదానాన్ని ఈ పనికి పెట్టింది. కొడుకుని విడిపించమని అడగలేదావిడ. "నా అక్కని నా కొడుకు చంపాడా లేదా, అది చెప్పండి చాలు. రెండూ నా రక్తమే. ఎవరి కోసం ఏడవాలో తెలీక చస్తున్నాను" అంది. ఇంత తిన్నగా అడిగినవాళ్ళు ఆయనకి ఇంతవరకు తగల్లేదు.

"గురువుగారూ, ముచ్చట్లు అయ్యాయా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు నిదానం కింద పనిచేసినవాడు. గురువుగారూ అనే పిలుపులో గౌరవం పావలా, వెటకారం ముప్పావలా.

"వెంట్రుకల రిపోర్టు సరిగ్గా చూశావటయ్యా?" అని లేచాడు నిదానం.

"చూడకేం? కొస నుంచి కుదురు దాకా ఆర్సెనిక్కే. ఏడాదికి పైగా వదలకుండా పెట్టాడు."

"వదలకుండా. బాగా అన్నావు. మధ్యలో రెండు నెలలు భోజనం ఆగిపోయింది, వెంట్రుకలో విషం మాత్రం ఆగలేదు. వడ్డించేవాడు మంచాన పడితే విస్తట్లోకి ఎలా వచ్చిందంటావు?"

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు. "ముందే ఏ ఉప్పులోనో కలిపి ఉంచుంటాడు."

"ఉప్పూ పప్పూ అన్నీ మీవాళ్ళే పరీక్షకి పంపారు. ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు."

"నీళ్ళు?"

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "ఈ పేటంతా తాగేది ఒకే బోరు నీళ్ళండీ. అందులో ఆర్సెనిక్ ఉందని పసిపిల్లలకి కూడా తెలుసు, అందుకే కదా ఇంటింటికీ ఫిల్టర్లు కట్టించారు! మిగతావాళ్ళందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. తేడా నీళ్ళలోనే ఉంటే ఈవిడొక్కతే పోతుందా?"

"నాకూ అదే తెలీడం లేదు. పద, తాళం తీద్దువు గాని."

లెక్కల టీచరు ఇంటి తాళంచెవి ఎదురింటి టైలరమ్మ దగ్గర ఉంది. బతికున్నప్పుడూ ఆమె దగ్గరే ఉండేదట. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో వచ్చి తలుపు తీసింది.

"రోజూ పడుకునే ముందు టీచరమ్మ ముందుగది లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేది అన్నయ్యగారూ, బాగానే ఉన్నానని నాకు చెప్పడానికి. నేనూ మా లైటు ఆర్పి వెలిగించేదాన్ని. ఆ రోజు వెలగలేదు. నిద్రపోయిందిలే అనుకున్నా." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు చూసుకోండి. ఆ వంటింట్లోకి నేను రాలేను."

ఆమె రోడ్డు దాటి తన గుమ్మంలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కుట్టుమిషను చప్పుడు మొదలై, వెంటనే ఆగిపోయింది.

ముందుగదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని మెత్త కుంగిపోయి ఉంది. రెండోదాంట్లో రేడియో కూర్చోబెట్టి ఉంది. కూర్చోబెట్టిందనే అనాలి, ఎందుకంటే మాట్లాడే వైపు సరిగ్గా మొదటి కుర్చీకి తిప్పి ఉంది. నిదానం దాని ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాడు. ఆయన ఇంట్లో రెండో కుర్చీ నిండా పాత పేపర్లు. రేడియో పెట్టుకోవచ్చని ఇన్నాళ్ళూ తోచనే లేదు.

"అక్కడ ఏం కనబడుతోంది గురువుగారూ?"

"ఏం లేదు. పద."

వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా. మూల నడుమెత్తు సిమెంటు తొట్టి. పేటలో అన్ని ఇళ్ళల్లో ఉండే ఫిల్టరే. పైన నీళ్ళు పోసే బేసిను, అందులో మేకులు, వాటి మీద ఇటుక ముక్కలు. కింద తొట్టి నిండా ఇసుక, అడుగున గులకరాళ్ళు, పక్కనుంచి గొట్టం. బేసిను మీద తెల్లటి గుడ్డ కప్పి, చుట్టూ నీలం పేలికతో పువ్వులాంటి ముడి వేసి ఉంది. ఆ ముడిని ఎక్కడో చూసినట్టనిపించింది నిదానానికి. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

ముడి విప్పి, ఇటుక ముక్కలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. కింద మేకులు తళతళ మెరుస్తున్నాయి. బేసిను ఎత్తి కింద ఇసుక చూశాడు. ఇప్పుడే కడిగి ఆరబెట్టినంత తెల్లగా ఉంది. వంగి వాసన చూస్తే, బ్లీచింగ్ పౌడరు వాసన ముక్కుకి తగిలీ తగలనట్టు తగిలింది.

"ఎంత శుభ్రంగా పెట్టుకుందండీ పాపం!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నిదానం ఫోను తీశాడు. నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఒకావిడ ఉంది. ఒకప్పుడు ఆయన భార్య. విడిపోయి చాలా ఏళ్ళయింది. ఏడాదికి రెండు మూడుసార్లు మాట్లాడుకుంటారు, అదీ ఇలాంటి పని పడితేనే. పని పడాలని ఆయన అప్పుడప్పుడూ కోరుకునే మాట వేరే సంగతి.

"నేనే."

"తెలుసు. 'నేనే' అనేసి ఊరుకునే మనిషి ఇంకెవరున్నారు నాకు? చెప్పు."

చూసిందంతా చెప్పాడు.

"ఆగాగు. మేకులకి తుప్పు ఉందా?"

"తుప్పా? ఒక్క మచ్చ కూడా లేదు. మొహం చూసుకోవచ్చు."

"ఇసుక మీద ఎర్రగా, జిడ్డుగా ఒక పొర ఉండాలి."

"ఏ పొరా లేదు. తెల్లగా ఉంది. బ్లీచింగ్ వాసన వస్తోంది."

అవతల కలం కింద పెట్టిన చప్పుడైంది. "అయితే అది ఫిల్టరు కాదు, ఇసుక తొట్టి. ఓరి నాయనా, ఆ మేకులు అక్కడ పెట్టిందే తుప్పు పట్టడానికి! ఆర్సెనిక్‌ని పట్టుకునేది ఆ తుప్పే. ఇసుకలో కంటికి కనబడని జీవాలు పెరుగుతాయి. నీళ్ళలో ఉన్న ఇనుమును కూడా తుప్పుగా మార్చి, దొరికిన ఆర్సెనిక్‌ని ఇసుకలోనే ఆపేస్తాయవి. బ్లీచింగ్ పోస్తే అవి చస్తాయి. తుప్పు పట్టని పూత మేకులు పెడితే తుప్పు పుట్టదు. రెండూ చేశారంటే, బోరు నీళ్ళు పైన పోసినవి పోసినట్టు కిందికి దిగుతాయి. చూడ్డానికి ఇంకా తేటగా ఉంటాయి కూడా. సీసాలో పట్టి పంపించు, అంకెలతో సహా చెప్తాను."

"అంటే విషం ఎవరూ కలపలేదు."

"కలపక్కర్లేదు. ఆపేదాన్ని తీసేస్తే చాలు." ఆమె గొంతు కొంచెం మారింది. "సరే గానీ, నువ్వు నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా? కాఫీతోనే బతికేస్తున్నావా ఇంకా?"

"తాగుతున్నాను. రోజూ రెండు పెద్ద సీసాలు."

"ఒంట్లో బాగుందా?"

అరికాళ్ళ మంటల మాట నాలిక చివరిదాకా వచ్చింది. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. ఆమె పెట్టేసింది. ఫోను చెవి దగ్గర మరి కాసేపు ఉంచుకున్నాడు.

తర్వాత ఇన్‌స్పెక్టరుకి విడమరచి చెప్పాడు. భోజనం ఆగినా విషం ఎందుకు ఆగలేదో, వీధంతా బాగున్నా ఈవిడే ఎందుకు పోయిందో. "ఈ ఇంట్లో రోజూ ఇంకొక్క మనిషి నీళ్ళు తాగుంటే ఇద్దరూ జబ్బుపడేవాళ్ళయ్యా. అప్పుడు ఎవరో ఒకరు నీళ్ళని అనుమానించేవాళ్ళు. ఒక్కతే కాబట్టి, ముసలితనం అనుకున్నారు. ఆవిడా అలాగే అనుకుంది."

ఇన్‌స్పెక్టరు విన్నంతసేపూ విని, చప్పట్లు కొట్టాడు.

"అబ్బబ్బ! గురువుగారూ, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు! మీరడిగిన ఆ రెండు నెలలే నాకు కొరుకుడు పడలేదు. తుప్పు పట్టని మేకులు ఎక్కడ దొరుకుతాయి? ఇనప సామాన్ల కొట్లో. ఆ కొట్లో ఎవడు పని చేస్తాడు?"

ఇటుక ముక్క అందుకోబోయిన నిదానం ఆగిపోయాడు.

"పైగా ఈ ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగలేదట. గుమ్మంలోనే భోజనం ఇచ్చేసి కొట్టుకి పరిగెత్తేవాణ్ణని వాడి నోటితో వాడే చెప్పాడు. ఎందుకు తాగలేదు? నీళ్ళలో ఏముందో తెలుసు గనక!"

"ఆగవయ్యా. తొందరపడుతున్నావు. మేకులు మార్చడానికి చంపే ఉద్దేశమే ఉండక్కర్లేదు..."

"మీ నిదానం మీ దగ్గరే ఉంచుకోండి. మీరు ఒక్కో ఇటుక ముక్కా తీసేలోపు నాకు రిటైర్మెంటు వచ్చేస్తుంది. మేకులు మూట కట్టండయ్యా!" అని బయట ఉన్న కానిస్టేబుళ్ళని కేకేశాడు. "ఆ తల్లికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేను చెప్తాను" అన్నాడు నిదానం.

చెప్పలేదు. అదే వీధి చివర ఆ తల్లి ఇంటి సందు మొదట్లో నిలబడి, నిలబడి, వెనక్కి తిరిగాడు. కుర్రాణ్ణి బయటకి లాగబోయి ఇంకా లోతుకి తోశాడు. ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో! టీచరు వీధికి వెనక వీధే ఆయనది. వంద అడుగులు కూడా ఉండదు. ఆ పాటి దూరానికే మంటలకి ఓర్వలేక రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగాడు.

సాయంత్రపు వెలుగు ఇంకా ఉంది. తలుపు తీసి, అలవాటుగా ముందుగది లైటు వేశాడు. దాన్ని చూసి సంగతి తెలుసుకునేవాళ్ళు ఎదురుగా ఎవరూ లేరు. అటు పక్కంతా గోడౌను గోడ. రెండో కుర్చీలోంచి పాత పేపర్లు తీసి కింద పెట్టాడు. ఎందుకు తీశాడో తెలీదు. కుర్చీ ఖాళీగా ఉంటే ఇంకా అన్యాయంగా కనిపించి, మళ్ళీ పెట్టేశాడు.

దాహం వేసింది. వంటింట్లోకి వెళ్ళి ఫిల్టరు గొట్టం కింద గ్లాసు పెట్టి నింపాడు. అద్దం లాంటి నీళ్ళు. గ్లాసు పెదవుల దాకా వచ్చింది.

ఫిల్టరు మీద తెల్లటి గుడ్డ. గుడ్డ చుట్టూ నీలం పేలిక. పువ్వులాంటి ముడి.

గ్లాసు ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోలేదు, అది గట్టు మీంచి జారి సింకులో పడింది. పేలిక లాగి తెంపాడు. ఇటుక ముక్కలు ఈసారి నిదానంగా తియ్యలేదు, రెండు చేతులా తోసేశాడు.

మేకులు మెరుస్తున్నాయి.

ఎప్పుడో భుజం విరిగి కట్టు కట్టించుకున్న రోజులు గుర్తొచ్చాయి. టైలరమ్మ గుమ్మంలో నిలబడి "ఇంట్లో మీరొక్కరే కదా అన్నయ్యగారూ, బరువు ఎత్తలేరు. బేసిను నేను కడిగి పెడతాను లెండి" అంది. ఆయన పేపరు చదువుకుంటూ, తలెత్తకుండా, "అలాగేనమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఆమే వచ్చి వెళ్తోంది. రోజూ గుడ్డ మీదనుంచే నీళ్ళు పోస్తూ, ఒక్కసారి కూడా విప్పి చూడలేదు తను. డిటెక్టివ్ అట, డిటెక్టివ్!

అరిచేతులు వెలుగులోకి తిప్పి చూసుకున్నాడు. గరుకు మచ్చలు. గచ్చు మీద మండుతున్న పాదాలు. ఇదంతా వయసు కాదన్నమాట.

ఇన్‌స్పెక్టరుకి ఫోను చేశాడు.

"ఆ కుర్రాడు మా ఇంటికి ఎప్పుడైనా వచ్చాడా?"

"మీ ఇంటికా? వాడికి మీరెవరో నిన్నటిదాకా తెలీదు. ఎందుకు?"

"మా ఫిల్టర్లో కూడా అవే మేకులయ్యా."

అటు వైపు వెటకారం టక్కున తెగిపోయింది. "గురువుగారూ... మీరు ఆ నీళ్ళు తాగుతున్నారా?"

"రోజూ రెండు సీసాలు. నా సంగతి తర్వాత. పొద్దున కోర్టు కాగితాలు ఆపు. జీపు తీసుకుని టైలరమ్మ ఇంటికి రా. సైరను వేసుకుని రాకు, ఆవిడ హడలిపోతుంది."

టైలరమ్మ అరుగు మీద కూర్చుని యూనిఫారాలకి గుండీలు కుడుతోంది. చుట్టూ నీలం గుడ్డ ముక్కలు. వెనకాల ఇంట్లో పిల్లలు దేనికోసమో కొట్టుకుంటున్నారు, అత్తగారు వాళ్ళని కేకలేస్తోంది. ఆయన మొహం చూసి గబుక్కున లేచింది.

"అయ్యో, అలా చెమటలేంటి? కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను."

తెచ్చిన గ్లాసు చేతికిస్తూ మొహమాటపడింది. "మీ ఇంట్లో నీళ్ళంత తేటగా ఉండవు, ఏమీ అనుకోకండి. మా ఫిల్టర్లో మేకులు తుప్పుపట్టి ముద్దైపోయాయి. మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నా. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తార్లే అని వదిలేశా."

గ్లాసు అడుగున లేత గోధుమ రంగు నలుసు ఒకటి తిరుగుతోంది. నిదానం ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.

"టీచరమ్మ ఫిల్టర్లో మేకులు నువ్వే మార్చావా అమ్మా?"

"అవునన్నయ్యగారూ." ఆమె మొహం పోయినవాళ్ళ తలపుతో మెత్తబడింది. "నీళ్ళలో తుప్పు కనబడితే గొంతు దిగడం లేదే అమ్మాయ్ అనేది. కొట్టుకెళ్ళి, తుప్పు పట్టనివే ఇమ్మని అడిగి మరీ తెచ్చా. ఇసుక కూడా బ్లీచింగుతో కడిగా. ఎంత సంబరపడిందనుకున్నారు! బాగా పెట్టానా, లేదా? ఇన్‌స్పెక్టరు గారు ఏమైనా అన్నారా?"

చెప్పవలసిన మాటని నిదానం పక్కకి పెట్టాడు. ముందు ఇంకో మాట అడగాలి.

"ఇంకా ఎవరెవరికి పెట్టావు?"

"ఒంటిగా ఉండేవాళ్ళందరికీ. వాళ్ళకి ఎవరున్నారు చెప్పండి, కడిగి పెట్టడానికి?" వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగింది. "గడియారాల తాతగారికి. పోస్టుమాస్టరు గారికి. మలుపులో నర్సమ్మకి. మేడమీద గదిలో ఆ సంగీతం మాస్టారికి. ఈమధ్య ఆయనకీ ఒంట్లో బాగుండట్లేదు పాపం, మంచం దిగట్లేదు..."

వేళ్ళు చాలక రెండో చెయ్యి ఎత్తింది. వీధి చివర జీపు మలుపు తిరుగుతోంది. ఆ చప్పుడు ఆమె చెవిన పడలేదు.

"చెప్పులేసుకో అమ్మా" అన్నాడు నిదానం లేస్తూ. "రాత్రి భోజనాలకి కూర్చునేలోగా వాళ్ళందరిళ్ళకీ వెళ్ళాలి. ఎందుకో దారిలో చెప్తాను. టీచరమ్మకి ఎప్పుడు పెట్టావు, మొట్టమొదట ఆవిడకేనా?"

"కాదు, ఆవిడకి తర్వాత." ఒళ్ళోని గుండీలు దులుపుకుంటూ ఆమె ఆప్యాయంగా నవ్వింది. "మొట్టమొదట మీకే అన్నయ్యగారూ. ఆర్నెల్లు మీ ఇంట్లో చూసి, మీరు బాగానే ఉన్నారని నమ్మకం కుదిరాకే ఆవిడకి పెట్టాను."